ఒకే స్పెల్లింగ్, ఐదు మాటలు, నాలుగు పలుకులు

ఈరోజు ఎపిసోడ్ నాలుగే నాలుగు ఇంగ్లిష్ అక్షరాల గురించి: ఓ, యు, జి, హెచ్. ఇవి ఇదే వరసలో చివర ఉండి, ముందు ఇంకొక్క అక్షరం మాత్రమే ఉండే ఐదక్షరాల మాటలు చూద్దాం. వర్డల్ ఆడేవాళ్లకి ఈ గుంపు బాగా తెలుసు. ఆడనివాళ్లకి కూడా దీంతో పనుంది, ఎందుకో చెప్తాను.

ముందు లిస్ట్. డిక్షనరీ ఫైల్ తెరిచి ‘ఏదో ఒక అక్షరం, తర్వాత ఓ-యు-జి-హెచ్’ అని వెతికితే గుప్పెడు మాటలే వస్తాయి. మనకి పనికొచ్చేవి ఐదు. ముందు ఆర్ పెడితే ‘రఫ్’, అంటే గరుకు. టి పెడితే ‘టఫ్’, అంటే గట్టిది, కష్టమైనది. సి పెడితే ‘కాఫ్’, దగ్గు. డి పెడితే ‘డో’, చపాతీకి కలిపిన పిండి ముద్ద. బి పెడితే ‘బౌ’, చెట్టు కొమ్మ.

మారింది మొదటి అక్షరం ఒక్కటే. కానీ చివర పలుకు అఫ్, ఆఫ్, ఓ, ఔ అని నాలుగు రకాలైంది! ఇంకో తమాషా చూడండి. టఫ్‌లో టి పక్కన ఒక హెచ్ చేర్చితే అది ‘దో’ అయిపోతుంది, ‘అయినా కూడా’ అని అర్థం. ఆ హెచ్ పక్కన ఆర్ కూడా చేర్చితే ‘థ్రూ’.

బీటెక్ ఫస్టియర్ ఇంగ్లిష్ ల్యాబ్‌లో మా క్లాస్‌మేట్ ఒకడు లేచి పేరా చదువుతూ, దగ్గు అనే మాటని ‘కఫ్’ అన్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసంతా నవ్వింది. ఆ సెమిస్టర్‌లో వాడు మళ్లీ లేచి చదవలేదు. కానీ వాడు చేసిందేంటి? రఫ్ తెలుసు, టఫ్ తెలుసు, ఇదీ అదే స్పెల్లింగ్ కాబట్టి కఫ్. మేము ప్రోగ్రామింగ్‌లో చేసేదీ అదే కదా, ఉదాహరణలు చూసి రూల్ పట్టుకోవడం. వాడి లాజిక్ కరెక్టే. బగ్ ఉన్నది డేటాలో.

ఆ బగ్ ఎలా వచ్చింది? వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఈ మాటల్లో గొంతులోంచి గరగరమని వచ్చే ఒక శబ్దం ఉండేది. ఉర్దూ వచ్చినవాళ్లు ‘ఖబర్’ అంటే మొదట వినిపించే ఖ లాంటిది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచారు. ఆ తర్వాతి కాలంలో రాతగాళ్లకి ఆ శబ్దాన్ని జి-హెచ్ అని రాయడం అలవాటైంది. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రింటింగ్ ప్రెస్ పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు మెల్లగా స్థిరపడిపోయాయి. జనం నోళ్లు మాత్రం ఆగలేదు. ఆ గొంతు శబ్దం కొన్ని మాటల్లో ‘ఫ్’ అయింది, కొన్నింట్లో పూర్తిగా పోయింది. ముందున్న ఓ-యు కూడా ఒక్కో మాటలో ఒక్కో దారి పట్టింది. ఐర్లాండ్‌లో మాత్రం ఎల్ పెట్టి ఇదే స్పెల్లింగ్‌తో సరస్సుని ‘లాఖ్’ అంటారు. చివర ఆ ఖ ఇప్పటికీ వినొచ్చు.

తెలుగులో కూడా రాతకీ పలుకుకీ కాస్త తేడా ఉంది. ‘చలి’లో చ, ‘చెట్టు’లో చ ఒకేలా పలకం కదా. కానీ అక్షరాలు వస్తే చాలు, దాదాపు ఏ మాటైనా చదివేస్తాం. అదే అలవాటుతో ఇంగ్లిష్‌కి వెళ్తాం, అక్కడ దెబ్బ తింటాం.

మరి గుర్తు పెట్టుకోవడం ఎలా? జంటలుగా పెట్టుకోండి. రఫ్, టఫ్‌లతో ‘ఇనఫ్’. కాఫ్‌తో ‘ట్రాఫ్’, అంటే పశువుల తొట్టి. డోతో దో. బౌతో ‘ప్లౌ’, నాగలి. ఇక ఈ నాలుగక్షరాల తర్వాత టి వస్తే పని తేలిక, దాదాపు ఎప్పుడూ ‘ఆట్’: బాట్, ఫాట్, బ్రాట్, థాట్. కరువుకి వాడే ‘డ్రౌట్’ దగ్గర మాత్రం జాగ్రత్త. డౌటొస్తే డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి ఒకసారి వినండి.

ఇప్పుడు వర్డల్ వాళ్లకి. జోష్ వార్డల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ చేసిన గేమ్ ఇది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. మొత్తం ఆరు ఛాన్సులు. చివరి నాలుగక్షరాలూ పచ్చగా మారాయి, మూడు ఛాన్సులే మిగిలాయి అనుకోండి. మన ఐదు మాటల్నీ ఒక్కొక్కటిగా కొడితే ఛాన్సులు చాలకపోవచ్చు. అప్పుడు ‘డెబిట్’ కొట్టండి, మన డెబిట్ కార్డ్‌లో డెబిట్టే. డి, బి, టి మూడూ ఒకే దెబ్బకి తేలిపోతాయి. డి రంగు మారితే డో, బి అయితే బౌ, టి అయితే టఫ్. ఏదీ మారకపోతే రఫ్ లేదా కాఫ్. రెండు మాటలు, రెండు ఛాన్సులు. హార్డ్ మోడ్‌లో మాత్రం ఇది కుదరదు.

చివరగా ఒక్క మాట. మీ పక్కనెవరైనా ‘కఫ్’ అని చదివితే, నవ్వకుండా ‘దీన్ని కాఫ్ అంటార్రా’ అని మెల్లగా చెప్పండి. ఐదు సెకన్ల పని. వాడు తర్వాతి లైన్ కూడా చదువుతాడు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.