పెద్దరోగమని దాచొద్దు... మందు ఊళ్లోనే ఉంది

వరి కోస్తుంటే కొడవలి తగిలింది. రక్తం కనబడేదాకా మీకు తెలియలేదు. చుట్ట కాలి వేలు బొబ్బెక్కింది, నొప్పి లేదు. కష్టం చేసిన చేతులు, మొద్దుబారాయిలే అనుకుంటారు. ఒక్కసారి చొక్కా విప్పి చూసుకోండి. రంగు తగ్గిన మచ్చ గానీ, ఎర్రటి మచ్చ గానీ ఉండి, అక్కడ ముట్టుకున్నా తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. మన ఊళ్లల్లో పెద్దరోగం అంటారు. అసలు పేరు పలకడానికే జంకు.

ఆ జంకు ఇంకా ఎక్కువగా ఉన్న రోజుల్లో, 1958లో, కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం పెట్టారు రాణీ కుముదినీదేవి. ఉప్పల్ నుంచి ఇప్పుడు కూకట్‌పల్లికి పోతే దారి పొడుగునా మేడలే. అప్పుడది నగరానికి అవతల ఉన్న పల్లె. ఆమె 1911లో పుట్టారు. పింగళి వారి ఆడపడుచు, వనపర్తి సంస్థానం కోడలు. రుషీకేశ్ స్వామి శివానందకు శిష్యురాలు. 1962లో హైదరాబాద్ మేయర్ అయ్యారు. వనపర్తి నుంచి శాసనసభకూ వెళ్లారు. 2009లో కన్నుమూశారు. పదవులు వచ్చాయి, పోయాయి. కేంద్రం నిలిచింది.

పేరులో పునరావాసం అని ఎందుకుందో ఆలోచించండి. అప్పట్లో ఉన్న మందు డాప్సోన్ ఒక్కటే. ఏళ్లకేళ్లు మింగాలి. ఈలోగా ఇంట్లోంచి గెంటేసేవారు, పొలంలోకి రానిచ్చేవారు కాదు. మందు ఇచ్చి పొమ్మంటే రోగి ఎక్కడికి పోతాడు? నీడ కావాలి, తిండి కావాలి. అడుక్కుతినే కుష్ఠు రోగిని పట్టుకుపోవచ్చని 1898లో తెల్లదొరలు చట్టమే చేశారు. అది పూర్తిగా రద్దయింది 2016లో!

ఇప్పుడు పరిస్థితి వేరు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడమంది. రోగాన్నిబట్టి 6 నెలలో, 12 నెలలో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పైసా తీసుకోరు. ఉప్పల్, నాచారం వైపు ఉండేవారు దగ్గరి బస్తీ దవాఖానాలో అడగండి. ఊళ్లో అయితే ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు.

మందు మొదలెట్టాక మూత్రం ఎర్రగా వస్తే బెదరొద్దు, ఒళ్లు కాస్త నల్లబడినా అంతే. అది మందు గుణం. మచ్చ రంగు మారలేదని మధ్యలో మానేసేవాళ్లను చూశాను. మానొద్దు. కానీ జ్వరం, వాపు, నరం నొప్పి వస్తే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. ఆలస్యమైతే చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోతాయి. అప్పుడు కొడవలి పట్టేదెలా?

ఇది తాతల నుంచి వచ్చే రోగం కాదు. పాపఫలమూ కాదు. మందు వేసుకోని రోగి పక్కనే చాలాకాలం మెలిగితే ఊపిరి ద్వారా సోకే సూక్ష్మజీవి. సోకిన ఐదేళ్లకో, ఇంకా ఆలస్యంగానో బయటపడొచ్చు. అందుకే ఇంట్లో ఒకరికి తేలితే మిగతావారందరినీ చూపించాలి. మందు మొదలెట్టిన కొద్దిరోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకు అంటదు. కలిసి తినొచ్చు, కలిసి నాట్లేయొచ్చు.

ఇప్పటికే స్పర్శ పోయినవారు పొలంలో ఉత్త కాళ్లతో తిరగొద్దు. మెత్తటి అడుగున్న చెప్పులు ఆసుపత్రిలో అడగండి. పొయ్యి మీది గిన్నె గుడ్డతో పట్టుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక చేతులు, కాళ్లు నీళ్లల్లో నానబెట్టి, నూనె రాసి, వేళ్ల సందుల్లో ముల్లో గాయమో ఉందేమో దీపం వెలుగులో చూసుకోండి. కంటికి ఆనకపోతే మనవడిని చూడమనండి.