పీ.ఈ. తక్కువేనట... కొనేద్దామా?

బంగారం, చీటీలు, పోస్టాఫీసు - మన ఆడవాళ్ల పొదుపంటే నిన్నమొన్నటిదాకా ఇంతే. ఇప్పుడు వీటి సరసన షేర్లూ చేరాయి. మంచిదే! కానీ "ఆ షేరు పీ.ఈ. ఆరేనట" అని, చీరల కొట్లో తగ్గింపు బోర్డు చూసినంత సంబరంగా చెప్పుకుంటుంటేనే నాకు గుబులు.

పీ.ఈ. అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇల్లు కొనేముందు అద్దె ఎంతొస్తుందని అడగమూ? 60 లక్షల ఇంటికి ఏడాదికి 2 లక్షల అద్దె వస్తే, అద్దెకు 30 రెట్లు పెట్టి కొంటున్నట్టు. అలాగే షేరు ధరను, ఒక్కో షేరుకు ఏడాదిలో వచ్చిన లాభంతో భాగిస్తే పీ.ఈ. వస్తుంది. ధర 200, లాభం 10 అయితే 20. మరుసటేడు లాభం 5కి పడితే, ధర కదలకపోయినా పీ.ఈ. 40 అయి కూర్చుంటుంది.

చిక్కంతా ఉక్కు, చక్కెర లాంటి వ్యాపారాలతోనే. ఉక్కు ధర మండిపోయే ఏడు లాభాలు పొంగుతాయి, పీ.ఈ. అయిదుకో ఆరుకో దిగుతుంది. చవకనుకుని ఎగబడతాం. ఉక్కు ధర పడగానే లాభం ఆవిరి. అప్పుడు పీ.ఈ. ఇరవై, మన షేరు ధరేమో సగం! మా ఎదురింటి వదినగారు చీటీ డబ్బంతా అలాంటి షేరులోనే పెడతానన్నారు. ఇద్దరం కూర్చుని ఆ కంపెనీ వార్షిక నివేదికలు తిరగేసి, పదేళ్ల లాభాల సగటు కట్టాం. ఆ సగటుతో భాగిస్తే ఆరు కాస్తా పద్ధెనిమిదయింది. ఇది మా సొంత తెలివేం కాదండోయ్. 2013లో నోబెల్ అందుకున్న అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ మార్కెట్ మొత్తానికీ ఇలాగే పదేళ్ల సగటు తీసి చూస్తారు.

పాత అంకెలతో పోల్చేటప్పుడు కొలత మారిందేమో కూడా చూసుకోవాలి. 2021 మార్చి 31న నిఫ్టీ పీ.ఈ. 40 పైన ఉంది, మర్నాడు 33 చిల్లర. మార్కెట్ కూలలేదు. కంపెనీల సొంత లాభాలకు అనుబంధ సంస్థల లాభాలు కూడా కలిపి లెక్కగట్టడం మొదలుపెట్టారు, అంతే. మానికతో కొలిచిన బియ్యాన్ని కిలోలతో పోలుస్తామా?

ఇక లాభమే అబద్ధమైతే? 2009 జనవరి 7న మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు, ఏళ్ల తరబడి లెక్కలు పెంచి చూపామని లేఖలో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. చూపిన బ్యాంకు నిల్వల్లోనూ చాలా భాగం కాగితం మీదివే. పదేళ్ల సగటు కట్టినా అలాంటి మోసం దొరకదు. ఇది విన్నాక వదినగారు చీటీ డబ్బులో పావు వంతే షేర్లకు తీసి, మిగతాది పోస్టాఫీసులో వేశారు.