ఫిల్మ్‌నగర్ కల... మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ!

పొద్దున్నే కృష్ణానగర్ వెళ్లి చూడండి. భుజాన బ్యాగు, ఫోన్‌లో షార్ట్‌ఫిల్మ్ లింకు పెట్టుకుని ఛాన్స్ కోసం తిరిగే కుర్రాళ్లు బోలెడుమంది. ఇంట్లోవాళ్లేమో ‘ముందు డిగ్రీ పూర్తి చెయ్‌రా’ అంటుంటారు. ఇద్దరికీ నచ్చే మధ్యేమార్గంలా కనిపించేది మాస్ కమ్యూనికేషన్. మరి అందులో చేరితే డైరెక్టర్ అయిపోవచ్చా?

అక్కడే చాలామంది పొరబడేది. మాస్ కమ్యూనికేషన్ అంటే వార్త రాయడం, ఇంటర్వ్యూ చేయడం, రేడియో, వీడియో, ప్రకటనలు, మీడియా చట్టాలు, పరిశోధన. ఫిల్మ్‌మేకింగ్ అంటే స్క్రీన్‌ప్లే, కెమెరా, ఎడిటింగ్, సౌండ్. రెండూ చుట్టాలే కానీ ఒకటి కాదు. మీకేది కావాలో తేల్చుకోకుండా ఫీజు కట్టేస్తే నాన్న డబ్బూ, మీ మూడేళ్లూ పోతాయి.

సినిమానే కావాలంటే, అక్కినేని నాగేశ్వరరావు కట్టించిన అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే 2011లో ఫిల్మ్ స్కూల్ మొదలైంది. షూటింగులు జరిగే చోటే క్లాసులన్నమాట. అయితే ఇలాంటి చోట్ల ఫీజు గట్టిగానే ఉంటుంది.

పని మానలేనివాళ్లకూ దారుంది. జూబ్లీహిల్స్‌లోనే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఇది దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ. ఇక్కడ జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్‌లో పీజీ దూరవిద్యలో చదవొచ్చు. పగలు ఎడిటింగ్ రూమ్‌లో అసిస్టెంటుగా చేస్తూ, రాత్రి పుస్తకం పట్టొచ్చు.

రోజూ క్లాసుకెళ్లి చదవాలంటే ఉస్మానియా ఉంది. అక్కడి జర్నలిజం విభాగానికి 1954 నుంచీ చరిత్ర ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే ‘బోల్ హైదరాబాద్’ అనే సొంత కమ్యూనిటీ రేడియో కూడా ఉంది.

ఎక్కడ చేరినా ముందు మూడు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటుంది, దానికి యూజీసీ గుర్తింపు ఉందా? కెమెరా, ఎడిటింగ్ సిస్టమ్ నా చేతికి వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? పోయినేడాది సీనియర్లు తీసిన పని చూపిస్తారా? మూడో ప్రశ్నకి నీళ్లు నమిలితే, బ్రోచర్‌లో హీరోల ఫొటోలు ఎన్నున్నా వెనక్కి వచ్చేయండి.

అడ్మిషన్ వచ్చేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. కృష్ణానగర్‌లో తెల్లారుజామునే యూనిట్ బస్సు కోసం నిలబడే లైట్‌మన్‌ని అడిగి, ఆయన అనుమతితో మూడు నిమిషాల వీడియో చేయండి. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు, చూసేవాడు మధ్యలో వదిలేయకుండా చెప్పగలిగారా? అయితే మొదటి పాఠం అయిపోయినట్టే!