పరదేశములో ఇల్లు – ఊరిలో పొలము



మన సంఘములలో పిల్లల చదువు కొరకో, ఆడపిల్ల పెండ్లి కొరకో పొలము అమ్ముట పెద్దలందరు ఎరిగిన సంగతే. ఇటీవల దానికి మరియొక కారణము తోడైంది. విదేశములో ఉద్యోగము చేయుచున్న కుమారుడు అక్కడ ఇల్లు కొనదలచి, ఊరిలోని తలిదండ్రులను సహాయము అడుగుచున్నాడు. మేము పరిచర్య చేయు ప్రాంతములో ఇట్టి కుటుంబములు కొన్ని ప్రార్థనకును ఆలోచనకును మాయొద్దకు వచ్చినవి. వారిలో ఒకరి కుమారుడు నెదర్లాండ్సులో, అనగా మన పెద్దలు హాలెండు అని పిలిచే దేశములో, ఉన్నాడు. "నాన్నా, ఆమ్‌స్టర్‌డామ్ పట్టణము దగ్గర పచ్చని పల్లెలో ఇల్లు చూశాము. బ్యాంకు అప్పిస్తుంది. మిగిలిన యాభై లక్షలు మనమే పెట్టుకోవాలి. కాలువగట్టు పొలము అమ్మితే సరిపోతుంది" అని అతడు చెప్పాడు. "అయ్యగారూ, నేనేమి చేయాలి?" అని ఆ తండ్రి మమ్మును అడిగాడు. ఈ ప్రశ్న రేపు మన ఇండ్లలో ఎవరికైన రావచ్చును గనుక దానిని గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఆ పల్లె ఎటువంటిది?

ఆమ్‌స్టర్‌డామ్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరములో బ్రూక్ ఇన్ వాటర్‌లాండ్ అను గ్రామమున్నది. చుట్టును పచ్చిక బయళ్లు, వాటిలో ఆవులు, గొఱ్ఱెలు, ప్రతి మడి ప్రక్కను నీటి కాలువ. కోనసీమ ఎరిగినవారికి ఆ కాలువలు కొత్తగా తోచవు. కొబ్బరిచెట్లు మాత్రముండవు. ఇండ్లలో అనేకము చెక్కతో కట్టినవి. ఇది అందము కొరకు మాత్రమే కాదు. అక్కడి నేల కుళ్లిన నాచు, గడ్డి పేరుకొని ఏర్పడిన మెత్తని నేల, ఇటుక బరువును బాగుగా మోయలేదు. అందుచేత పూర్వులు తేలికైన చెక్క ఇండ్లు కట్టుకొన్నారు.

ఆ దేశములో నాలుగింట ఒక వంతు నేల సముద్రమట్టమునకు దిగువనున్నది. 1916 జనవరిలో కట్టలు తెగి ఈ వాటర్‌లాండ్ ప్రాంతమంతయు మునిగింది. తరువాత ప్రభుత్వము సముద్రపు పాయకు అడ్డముగా 32 కిలోమీటర్ల కట్ట వేసి 1932లో ముగించింది. 1953లో దక్షిణ భాగమున వచ్చిన ఉప్పెనలో 1,836 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ అనుభవించిన దుఃఖమును ఎరిగిన మనకు వారి భయము అర్థమగును. నీటిని అదుపులో ఉంచుటకు అక్కడ నీటి మండలులున్నవి. 13వ శతాబ్దము నుండియే పని చేయుచున్న మండలులు వాటిలో ఉన్నవి. ఇల్లుగలవారు ఏటేట ఆ మండలికి పన్ను చెల్లించుదురు.

అప్పు ఎంత? చేతిసొమ్ము ఎంత?

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు బోధించాడు (లూకా 14:28). మనమును లెక్క చూతము.

2024లో ఆ దేశములో అమ్ముడైన ఇంటి సగటు ధర సుమారు 4 లక్షల 50 వేల యూరోలు. 2025లో యూరో విలువ 100 రూపాయలు దాటింది. అనగా సుమారు నాలుగున్నర కోట్లు. ఇంటి విలువ ఎంతో అంతవరకు బ్యాంకు అప్పివ్వవచ్చునను నియమము 2018 నుండి ఉన్నది. ఇది విని మనవారు, "అయితే చేతి సొమ్ము అక్కరలేదు గదా" అందురు. ఇక్కడనే జాగ్రత్త కావలెను.

ఇండ్లు తక్కువ, కొనువారు ఎక్కువ. అందువలన చెప్పిన ధరకంటె ఎక్కువకు పాడుదురు. ఎదుటివాడు ఎంత పాడెనో సాధారణముగా తెలియదు. బ్యాంకు మాత్రము పాడిన ధరను చూడదు, మదింపుదారుడు కట్టిన విలువను చూచును. ఉదాహరణకు 5 లక్షల 40 వేల యూరోలకు పాట ఖాయమై, మదింపు 5 లక్షల 10 వేలు వచ్చెననుకొనుడి. తేడా 30 వేలు చేతినుండి పెట్టవలెను. 35 ఏండ్లు దాటినవారు, తాము నివసించు ఇంటికైనను, ధరలో 2 శాతము బదిలీ పన్ను కట్టవలెను. అది 10,800 యూరోలు. నోటరీ, మదింపు, అప్పు సలహాదారు ఖర్చులు మరికొన్ని వేలు. అన్నియు కలిపి 50 వేల యూరోలకు దగ్గరపడును. ఆ తండ్రిని అడిగిన యాభై లక్షలు ఈ లెక్కలోనివే. 35 ఏండ్లలోపు వారికి ధర ఒక పరిమితి దాటనియెడల ఆ పన్ను ఒక్కసారి మినహాయింపు కలదు. 2025లో ఆ పరిమితి 5 లక్షల 25 వేల యూరోలు.

ఆ సొమ్ము మన దేశము దాటుటకు వేరే లెక్క ఉన్నది. ఒక ఆర్థిక సంవత్సరములో ఒక మనిషి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చును. అయితే 2025 ఏప్రిల్ నుండి, ఇట్టి పనికి పంపు సొమ్ము 10 లక్షలు దాటినయెడల, దాటినదానిపై 20 శాతము పన్నుగా బ్యాంకువారు ముందే వసూలు చేయుదురు. తండ్రి ఒక్కడే 50 లక్షలు పంపితే 8 లక్షలు అదనముగా కట్టవలెను. పన్ను రిటర్ను దాఖలు చేసి దానిని తిరిగి పొందవచ్చును గాని అంతవరకు ఆ సొమ్ము చేతిలో ఉండదు. ఈ మాట ఎరుగక పొలము బేరము చేసుకొను రైతు చిక్కున పడును.

పునాది సంగతి

బండమీద కట్టిన ఇంటిని, ఇసుకమీద కట్టిన ఇంటిని గూర్చి మనము ఆదివారపు బడిలోనే నేర్చుకొంటిమి. ఆ మెత్తని నేలలో బండ దొరకదు. అందుచేత కట్టడముల క్రింద పొడవైన మ్రానులు పాతుదురు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రాజభవనము 13,659 మ్రానులమీద నిలిచియున్నదని ప్రసిద్ధి. మ్రాను నీటిలో మునిగియున్నంత కాలము గాలి తగలదు గనుక చెడిపోదు. భూగర్భ జలము దిగిపోయి పైభాగమునకు గాలి తగిలితే కుళ్లును. నేల కూడ ఎండి క్రుంగును. పునాది మార్చుటకు లక్ష యూరోల వరకు ఖర్చగుట కలదు. పూలకుండీలు, పచ్చని తలుపులు చూచి మురిసినవారు, పునాదిని పరీక్షించిన నివేదిక చూడక సంతకము చేయకూడదు. వ్రాతపూర్వక ఒప్పందము చేతికందిన తరువాత కొనువానికి 3 దినముల గడువు కలదు. ఆ గడువులో కారణము చెప్పకయే విరమించుకొనవచ్చును. అప్పు మంజూరు కాకపోయినను, పరీక్షలో పెద్ద లోపము తేలినను ఒప్పందము రద్దగునను షరతులు కూడ వ్రాయించుకొనవలెను. పాటలో గెలుచుటకు కొందరు ఆ షరతులు వదలుకొందురు. అది ప్రమాదము.

ధరలు ఎల్లప్పుడు పెరుగునని తలంచుటయు తగదు. 2008 నుండి 2013 వరకు అక్కడ ఇండ్ల ధరలు సుమారు 20 శాతము పడిపోయినవి. ఇంటి విలువకంటె అప్పే ఎక్కువైన కుటుంబములు అనేకములు.

లేఖనము ఏమి చూపుచున్నది?

పరదేశములో ఇల్లు కొనుట పాపమా? కాదు. బబులోనుకు చెరపట్టబడినవారికి ప్రవక్త వ్రాసిన పత్రికలో, ఇండ్లు కట్టుకొనుడనియు తోటలు నాటుడనియు ఆ పట్టణ క్షేమము కోరుడనియు చెప్పియున్నాడు (యిర్మీయా 29). ఆ ప్రవక్తయే శత్రువు పట్టణమును ముట్టడించియుండగా అనాతోతులో పొలము కొని, సాక్షులయెదుట వెండి తూచి, క్రయపత్రమును మంటికుండలో భద్రపరచెను (యిర్మీయా 32). అక్కడ నేడు నోటరీ ఎదుట క్రయపత్రము ముగించి, 1832 నుండి నడచుచున్న భూమి దస్తరములో నమోదు చేయుదురు. వ్రాతయు సాక్ష్యమును సరిగా ఉండుట భక్తికి విరుద్ధము కాదు.

పొలము అమ్ముట పాపమా? నాబోతు పిత్రార్జితమును రాజుకు సహితము ఇయ్యలేదు. ఆదిసంఘములో బర్నబా తన పొలము అమ్మి వెల తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. ఇద్దరిని దేవుని వాక్యము మెచ్చుకొనుచున్నది. కాబట్టి అమ్ముటలోను ఉంచుకొనుటలోను కాదు, ఎవరికి అన్యాయము జరుగుచున్నదో దానిలో పరీక్షయున్నది.

ఆమ్‌స్టర్‌డామ్ పట్టణములో 1896 నుండి ఒక పద్ధతి ఉన్నది. పట్టణ సభ తన నేలను అమ్మక దీర్ఘకాలపు కౌలుకిచ్చును. ఇల్లు కొన్నవానిది, నేల పట్టణముది. అందుచేత నేల సొంతమా, కౌలా అని పత్రములో చూడవలెను. అయితే మనకు ఇది మరియొక సంగతిని జ్ఞాపకము చేయుచున్నది. భూమి తనదనియు, జనులు తనయొద్ద పరదేశులుగా నివసించువారనియు దేవుడు ఇశ్రాయేలుతో చెప్పెను (లేవీయ 25:23). కాలువగట్టు పొలమైనను, కాలువ ప్రక్కనున్న చెక్క ఇల్లైనను మనము కౌలుదారులమే.

ఆ కుటుంబము ఏమి చేసింది?

ఆ తండ్రికి ఇద్దరు కుమార్తెలు కూడ ఉన్నారు. పొలము ఆయన స్వార్జితము గనుక అమ్ముటకు హక్కు కలదు. అయినను వీలునామా లేక తండ్రి మరణించినయెడల, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము క్రైస్తవ కుటుంబములో కుమారునికిని కుమార్తెకును సమాన భాగమే. చట్టమునకు ఎంతో ముందుగా సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి భాగము అడుగగా, వారు అడిగినది న్యాయమని దేవుడు పలికెను (సంఖ్యా 27). "అబ్బాయికి ఇల్లు వస్తుంది. అమ్మాయిలకు ఏమి మిగులుతుంది? మీ ముసలితనములో మీకు బియ్యము ఏ మడినుండి వస్తవి?" అని మేము అడిగితిమి. ఆయన చాలసేపు మౌనముగా ఉన్నాడు.

తరువాత కుమార్తెలను పిలిపించి, కుమారునితో ఫోనులో మాట్లాడించి, అందరు కలిసి లెక్క చూచుకొన్నారు. కుమారుడు మొదట నొచ్చుకొన్నాడు. "అందరి తండ్రులు ఇస్తున్నారు" అన్నాడు. పెద్ద కుమార్తె, "తమ్ముడూ, నీకు ఇల్లు వద్దని కాదు. అమ్మానాన్నల కూడు తీసి నీ ఇంటికి తలుపులు పెట్టవద్దు" అన్నది. వారు పొలము అమ్మలేదు. ఆ ఇల్లు మరియొకరికి పోయింది. కుమారుడు ఇంకను అద్దె ఇంటిలోనే ఉండి, నెలనెల కొంత కూడబెట్టుకొనుచున్నాడు. మరికొంత దూరముగా, పాట అంత తీవ్రముగా లేని ఊరిలో చూచుచున్నాడు. కొన్ని నెలలు ఆ ఇంట మాటలు తగ్గినవి. ఇప్పుడు మరల ఆదివారము సాయంకాలములు ఫోనులో కలిసి ప్రార్థించుకొనుచున్నారు.

తలిదండ్రులారా, మీ పిల్లలు అడిగినప్పుడు కోపపడకుడి, తొందరపడి బేరమును చేయకుడి. మదింపు ఎంత, పాట ఎంత, పునాది నివేదిక ఏది అని అడుగుడి. అర్థము కాని సంగతిని అడుగుట సిగ్గు కాదు. మీకు సంవత్సరమునకు సరిపడు ఆధారము ఉంచుకొని, ఆడపిల్లల అంగీకారము తీసికొని, ఇచ్చునది దానమో బదులో వ్రాసికొని, అప్పుడు సంతోషముగా ఇయ్యుడి. యౌవనస్థులారా, మీరు కట్టబోవు అప్పు 30 ఏండ్లది. మీ తండ్రికి అంత ఆయుష్షు మిగిలియుండకపోవచ్చును. ఆయన పొలమును మీ పాటలో ఒక అంకెగా చూడకుడి. ఇల్లు దొరికినను దొరకకపోయినను అక్కడ సంఘమును వెదకుడి. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున 1607 నుండి ఇంగ్లీషు ఆరాధన జరుగుచున్న సంఘమొకటి కలదు.

అబ్రాహాము వాగ్దాన దేశములో గుడారములలోనే నివసించాడు. తన భార్యను పాతిపెట్టుటకు మాత్రము, ఊరకే ఇత్తుమన్నను ఒప్పుకొనక, పూర్తి వెల చెల్లించి పొలము కొన్నాడు. ఆయనకున్న నెమ్మదిని ప్రభువు మన ఇండ్లకు కూడ దయచేయును గాక. ఆమేన్.