అమ్మీజాన్‌తో మూడు ఆదివారాలు: నగరంలోని చాయ్ హోటళ్ళు, కాఫీ దుకాణాలు

హైదరాబాద్ నగరంలో 48 సంవత్సరాలుగా నివసిస్తున్న మా అమ్మీజాన్ ఇంతవరకు ఒక్క ఇరానీ హోటల్‌లోనైనా కూర్చుని చాయ్ త్రాగలేదన్న సంగతి మాకు గడచిన శీతాకాలం వరకు తెలియదు. అది బయటపడటానికి కారణం మా అమ్మాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి స్నేహితురాళ్ళతో కలిసి బంజారాహిల్స్‌లోని ఒక కాఫీ దుకాణానికి వెళ్ళి వచ్చింది. వెళ్ళేముందు చెప్పింది, మగ్రిబ్‌కు ముందే తిరిగి వచ్చింది. అయినా మేము కొంత కోపగించుకున్నాము. ఇంట్లో లేని చాయ్ అక్కడేముంది, రెండు గంటలు కూర్చోవడానికి ఏముంది అని అడిగాము.

అమ్మీజాన్ జపమాల పక్కన పెట్టి, “మీ అబ్బాజాన్ రోజూ అసర్ నమాజు ముగించుకుని నాంపల్లి హోటల్‌కు వెళ్ళేవారు. ఇషా వరకు అక్కడే. అక్కడేముందో నాకూ తెలియదు” అన్నారు.

“ఒక్కసారి కూడా వెళ్ళలేదా దాదీ?” అని అమ్మాయి ఆశ్చర్యపోయింది.

“చాయ్ కెటిల్‌లో ఇంటికి వచ్చేది. బిస్కెట్లు కాగితపు పొట్లంలో వచ్చేవి. నేను ఎందుకు వెళ్తాను బేటీ?”

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అందుకే మాకు మరింత ఇబ్బందిగా తోచింది. అబ్బాజాన్ మరణించి అప్పటికి రెండేళ్ళు. ఆయన సాయంత్రాలలో ఎక్కువ భాగం ఎక్కడ గడిచిందో ఆ ఇంటి ఇల్లాలు ఒక్కసారైనా చూడలేదు. ఆ రాత్రే నిశ్చయించుకున్నాము. మూడు ఆదివారాలు అమ్మీజాన్‌ను వెంటబెట్టుకుని నగరంలోని చాయ్ హోటళ్ళు, కాఫీ దుకాణాలు చూసి రావాలి. పెద్ద కంపెనీల శాఖలకు వెళ్ళరాదు. యజమాని గల్లాపెట్టె దగ్గర తానే కూర్చునే చోట్లకే వెళ్ళాలి. నాంపల్లికి మాత్రం చివరి ఆదివారం వెళ్దామని అమ్మీజాన్ షరతు పెట్టారు.

మొదటి ఆదివారం ఫజ్ర్ నమాజు తర్వాత చార్మినార్ చేరుకున్నాము. మక్కా మస్జిదుకు, చార్మినార్‌కు ఆనుకున్నట్లుగా ఉండే నిమ్రా కేఫ్ 1993లో ఆరంభమైనది. ఇరానీ హోటళ్ళ వయసుతో పోలిస్తే పసిబిడ్డే. కాని నగరానికి వచ్చే ప్రతి యాత్రికునికీ ఇరానీ చాయ్ అంటే మొదట చూపించేది దీనినే. తెల్లవారుజాముననే అక్కడ జనం గుమికూడి ఉన్నారు. రాత్రి పని ముగించిన ఆటో సోదరులు, నమాజు ముగించుకుని వచ్చిన వృద్ధులు, కెమెరాలు పట్టుకున్న యువకులు, వారి మధ్య ఇద్దరు ముగ్గురు బురఖా ధరించిన స్త్రీలు. ఆ స్త్రీలను చూసిన తర్వాతనే అమ్మీజాన్ కారు దిగారు.

అక్కడ చాయ్ చేసే విధానాన్ని ఆమె చాలాసేపు నిలబడి పరిశీలించారు. మన ఇళ్ళలో నీళ్ళు, పాలు, ఆకు, చక్కెర ఒకే గిన్నెలో మరిగిస్తాము. ఇరానీ చాయ్‌కు పాలు వేరు, డికాషన్ వేరు. పాలను పెద్ద పాత్రలో సన్నని మంటపై గంటల తరబడి మరగబెట్టి చిక్కబరుస్తారు. తేయాకు డికాషన్‌ను మరొక పాత్రలో మూత బిగించి, ఆవిరి బయటకు పోనీయకుండా, బిర్యానీకి దమ్ ఇచ్చినట్లే దమ్ ఇస్తారు. కప్పులో ముందు డికాషన్ పోసి, దానిపై పాలు పోస్తారు. ఆ రెండూ కలిసే క్షణం వరకు వాటికి పరిచయమే ఉండదు. “యాభై ఏళ్ళుగా ఇంట్లో ఆ రుచి రాలేదని మీ అబ్బాజాన్ సాధించారు. ఇదా సంగతి” అన్నారు అమ్మీజాన్.

పాలు కలపడం అసలు ఇరాన్ అలవాటే కాదు. అక్కడివారు నేటికీ పాలు లేని చాయ్‌ను చక్కెర పలుకు పంటి క్రింద ఉంచుకుని త్రాగుతారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో యజ్ద్ మొదలైన ప్రాంతాల నుండి పేదరికం తాళలేక బొంబాయికి వలస వచ్చినవారు అక్కడ చాయ్ అమ్మడం మొదలుపెట్టారు. వారిలో కొందరు పూణె మీదుగా హైదరాబాద్ చేరుకున్నారు. బొంబాయిలో జొరాస్ట్రియన్ ఇరానీల సంఖ్య అధికం కాగా, ఇక్కడ స్థిరపడినవారిలో ముస్లింలే ఎక్కువ. నిజాం రాజ్యంలో పారసీ భాషకు ఉన్న గౌరవం వారికి కలిసివచ్చి ఉంటుంది. వీధి మూల స్థలాలు అచ్చిరావని ఇతర వ్యాపారులు వదిలివేయగా ఇరానీలు వాటినే తీసుకున్నారని ఒక మాట ప్రచారంలో ఉన్నది. అది ఎంతవరకు నిజమో గాని, నాలుగు దారులు కలిసే చోట రెండు వైపుల ద్వారాలు తెరచుకుని ఉండే హోటల్‌కు గిరాకీ ఎప్పుడూ తగ్గదన్నది మాత్రం తేలికగా అర్థమయ్యే విషయమే.

ఆబిడ్స్‌లో 1935లో ఇరానీలు స్థాపించిన గ్రాండ్ హోటల్ నేటికీ నడుస్తున్నది. అదే ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్ మాత్రం ఇప్పుడు లేదు. మఖ్దూమ్ మొహియుద్దీన్ వంటి కవులు, పాత్రికేయులు, చిత్రకారులు గంటల కొలది కూర్చున్న చోటు అది. ఒక్క కప్పు చాయ్‌తో పూటంతా కూర్చున్నా లేవమనని యజమానులు ఉన్నందువల్లనే ఆ సభలు సాగాయి. ఈ రోజు ఆబిడ్స్‌లో గజం స్థలం ధర తెలిసినవారెవరూ ఆ యజమానిని తప్పుబట్టలేరు, అలాగని అటువంటి యజమాని మళ్ళీ దొరుకుతాడని ఆశించనూ లేరు.

ఆ రోజే మరొక పాత హోటల్‌కు వెళ్ళాము. పాలరాతి బల్లలు, గోడలకు అద్దాలు, నల్లబడిన చెక్క కుర్చీలు, అన్నీ అబ్బాజాన్ చెప్పినట్లే ఉన్నాయి. నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మీజాన్ గడప దాటబోతుండగా పనివాడు వినయంగానే, “ఫ్యామిలీ లేదు సాబ్. కారులోకి పంపిస్తాము” అన్నాడు. మేము వాదించలేదు. చాయ్ కారులోకి వచ్చింది, రుచిగానే ఉన్నది. కాని కారు కిటికీ అంచున కప్పు పెట్టుకుని త్రాగుతున్న మా తల్లిని చూస్తే సిగ్గు కలిగింది. ఆ పనివాడి మీద కాదు. ఇన్నేళ్ళు ఇటువంటి హోటళ్ళలో స్నేహితులతో కూర్చుని దేశ రాజకీయాలు చర్చించిన మాకు, ఆ బల్లల చుట్టూ ఒక్క స్త్రీ కూడా లేదన్న సంగతి ఏనాడూ కనబడకపోవడం గురించి.

ఈ లోటు ఇరానీ హోటళ్ళతో పుట్టినది కాదు. కాఫీ చరిత్ర తిరగవేస్తే అదే కనబడుతుంది. పదిహేనవ శతాబ్దంలో యెమన్‌లోని సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర ముంచుకురాకుండా ‘కహ్వా’ త్రాగేవారు. అక్కడి నుండి అది మక్కాకు, కైరోకు చేరింది. 1511లో మక్కాలో అధికారి ఖాయిర్ బేగ్ కాఫీని నిషేధించాడు. కైరో నుండి వచ్చిన ఆదేశంతో ఆ నిషేధం ఎంతోకాలం నిలువలేదు. అప్పటి ధర్మవేత్తల చర్చలను గమనిస్తే చాలామందికి అభ్యంతరం పానీయం మీద కన్న, దాని చుట్టూ చేరే కూటముల మీద, అక్కడ సాగే జూదం మీద, పరనింద మీద ఉన్నట్లు తెలుస్తుంది. 1550ల నడుమ హలబ్, డమాస్కస్‌ల నుండి వచ్చిన ఇద్దరు వర్తకులు ఇస్తాంబుల్‌లో కాఫీ ఇళ్ళు తెరిచారు. పండితులు, కవులు, ఉద్యోగులు అందరూ అక్కడ చేరారు. స్త్రీలకు మాత్రం కాఫీ ఇంటిలోనే.

మన దేశానికి కాఫీ గింజ వచ్చిన కథ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. పదిహేడవ శతాబ్దంలో బాబా బుదాన్ హజ్ యాత్ర నుండి తిరిగి వస్తూ యెమన్‌లోని మోఖా రేవు నుండి ఏడు గింజలు రహస్యంగా తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటారని చెప్పుకుంటారు. ఆ కొండలు నేటికీ ఆయన పేరే మోస్తున్నాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అయిదు భారతీయ కాఫీలలో బాబా బుదాన్‌గిరి అరబికా ఒకటి, మన అరకు లోయ అరబికా మరొకటి.

ఈ రెండు పేర్లూ రెండవ ఆదివారం బంజారాహిల్స్‌లో ఒక దుకాణపు అలమారాలో పక్కపక్కన కనిపించాయి. పాత బంగళాను కాఫీ దుకాణంగా మార్చారు. చెట్ల నీడన బల్లలు. గింజలను అక్కడే వేయించే యంత్రం. అమ్మాయి అమ్మీజాన్ చేయి పట్టుకుని అన్నీ చూపించింది. గిరిజన రైతులు పండించిన అరకు గింజను ఎలా వేయిస్తారో, గాజు పాత్రపై కాగితపు జల్లెడ పెట్టి వేడినీటిని సన్నని ధారగా ఎలా పోస్తారో వివరించింది. కాఫీ చేసి ఇచ్చినది తలపై స్కార్ఫ్ కట్టుకున్న ఇరవై ఏళ్ళ యువతి. అమ్మీజాన్ ఆమెను ఊరు, పేరు, తల్లిదండ్రులు, జీతం అన్నీ అడిగారు. కాఫీని మాత్రం ఒక్క గుక్క త్రాగి, “కషాయం” అని తేల్చారు. పాలు, రెండు చెంచాల చక్కెర తెప్పించుకున్నారు. ఆ యువతి నవ్వు ఆపుకొన్నది.

ధర చూసినప్పుడు మాకు నవ్వు రాలేదు. అక్కడి ఒక్క కాఫీ వెలకు చార్మినార్ వద్ద పదిమంది చాయ్ త్రాగవచ్చు. ఆటో సోదరునికి ఆ చెట్ల నీడలో స్థానం లేదు. ఇరానీ హోటల్ ద్వారం స్త్రీకి మూసి, కూలివానికి తెరిచింది. ఈ కొత్త దుకాణం స్త్రీకి తెరిచి, కూలివానికి మూసింది. ఈ మాట అంటే మా అమ్మాయి, “రెండూ తెరిచి ఉన్నది ఒకటి చూపించండి అబ్బా” అన్నది. నీలోఫర్ కేఫ్ పేరు చెప్పాము. రెడ్‌హిల్స్‌లో పిల్లల ఆసుపత్రి దగ్గర 1978లో మొదలైన ఆ హోటల్‌లో ఆదిలాబాద్ ప్రాంతం నుండి వచ్చి పనివానిగా చేరిన బాబురావు గారు తర్వాత దానికే యజమాని అయ్యారు. ఆసుపత్రుల వద్ద రోగుల బంధువులకు అన్నం పెట్టడం వల్ల కూడా ఆయన పేరు నగరానికి తెలుసు. తిరుగుదారిలో అక్కడ ఆగాము. బిడ్డను చంకన వేసుకున్న ఒక తల్లి, కారులో వచ్చిన కుటుంబం, కళాశాల విద్యార్థులు ఒకే చోట నిలబడి చాయ్ త్రాగుతున్నారు. అమ్మాయి వాదనకు అది పూర్తి సమాధానమని మేము అనము, ఎందుకంటే కూర్చోవడానికి అమ్మీజాన్‌కు కుర్చీ దొరకడానికి చాలాసేపు పట్టింది.

మూడవ ఆదివారం అసర్ తర్వాత నాంపల్లి. అమ్మీజాన్ పెట్టెలో నుండి ఇస్త్రీ చేసిన దుపట్టా తీసి ధరించారు. అబ్బాజాన్ ఏ దారిన వెళ్ళేవారో ఆ దారిననే స్టేషన్ వైపు నుండి నడుద్దామన్నారు.

ఆ హోటల్ ఉన్నది, కాని సగమే ఉన్నది. ఒక భాగంలో మొబైల్ ఫోన్ల దుకాణం వెలసింది. మిగిలిన సగంలో బేకరీ అద్దాల అలమారా, దాని పక్కన చాయ్ పొయ్యి. బల్లలు లేవు. కుర్చీలు లేవు. నిలబడి త్రాగి వెళ్ళవలసిందే. గల్లా వద్ద ఉన్న యువకుడు పాత యజమానికి మనుమడు. అద్దె, పాల ధర, పనివారి కొరత, అన్నీ ఓపికగా చెప్పాడు. ఒక్క చాయ్‌తో రెండు గంటలు కూర్చునే గిరాకీతో ఈ రోజులలో హోటల్ నడవదన్నాడు. తన అన్నదమ్ములు ఇద్దరూ విదేశాలలో ఉన్నారట. అతని మాటలో తప్పు మాకు కనబడలేదు.

“సాయంత్రం వచ్చేవారు ఎక్కడ కూర్చునేవారు?” అని అమ్మీజాన్ అడిగారు. ఆ యువకుడు మొబైల్ దుకాణం వైపు చూపించాడు. “అటు కిటికీ దగ్గర పెద్దలు కూర్చునేవారు నానీ. నేను అప్పుడు చిన్నవాడిని.” అబ్బాజాన్ పేరు చెప్పాము. అతనికి గుర్తు రాలేదు. ముఖం చూస్తే పోల్చేవాడినేమో అన్నాడు. అమ్మాయి ఫోన్‌లో ఛాయాచిత్రం చూపించబోతే అమ్మీజాన్ వద్దని వారించారు.

యువకుడు లోపలికి వెళ్ళి తాను కూర్చునే ఎత్తు పీటను తెచ్చి అమ్మీజాన్ ముందు ఉంచాడు. ఆమె దానిపై కూర్చుని, సాసర్‌లో చాయ్ పోసుకున్నారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరుతో వెలసిన ఉస్మానియా బిస్కెట్ ఒకటి తీసి ముంచారు. అది మెత్తబడి సగం విరిగి చాయ్‌లో పడిపోయింది.

“ఇంటికి తెచ్చేటప్పటికి గట్టిగానే ఉండేవి. తాజావి తాను తిని, నిన్నటివి మాకు తెచ్చేవారన్న మాట” అన్నారు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వగా చూశాము. తర్వాత పర్సులో నుండి తానే డబ్బు తీసి, అరకిలో బిస్కెట్లు కాగితపు పొట్లంలో కట్టమన్నారు. ఈ రోజువే కట్టమని రెండుసార్లు చెప్పారు.