కొలిమి మంటకు కళ్ళెం



మేము ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్ళమే. మా ఇళ్ళలో పుస్తకాల కంటే ముందు మేము చూసినవి ఉలి, సుత్తి, గునపం. కొత్త ఉలి రాయి మీద పడగానే మొన వంగిపోయేది. మరొకటి పటుక్కున విరిగేది. ఆ పూట నాన్నకు కూలి లేనట్టే. లోపం చాలాసార్లు ఇనుములో కాదు, కాచిన వేడిలో ఉందని పీజీకి వచ్చాకే మాకు తెలిసింది.

కార్బన్ సుమారు 0.8 శాతం ఉన్న ఉక్కును 780 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, నీటిలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది. 727 డిగ్రీలు దాటకపోతే ఎన్నిసార్లు ముంచినా మెత్తగానే ఉంటుంది. వేడి మరీ ఎక్కువైతే లోపలి రేణువులు పెరిగి పెళుసవుతుంది. ముంచిన తర్వాత మళ్ళీ 200 నుంచి 300 డిగ్రీల మధ్య కాస్తే పెళుసుదనం తగ్గుతుంది. మన కమ్మరులు ఇదంతా రంగు చూసే చెప్పేవారు.

కాలేజీ వర్క్‌షాప్‌లో పాత ఇనుప డబ్బాకు లోపల సిరామిక్ దుప్పటి పరిచి గ్యాస్ కొలిమి కట్టాం. వేడి తగ్గాలంటే గ్యాస్ తగ్గిస్తే చాలనుకున్నాం. పొరపాటు అక్కడే జరిగింది. గ్యాస్ వేగం ఒక హద్దు దాటి తగ్గితే మంట బర్నర్ గొట్టంలోకి వెనక్కి వస్తుంది, లేదా ఆరిపోతుంది. మాకు ఆరిపోయింది. కంగారులో వెంటనే అగ్గిపుల్ల గీశాం. ధబ్బుమని మంట బయటికి తన్నింది. మాలో ఒకరి కనుబొమలు కాలాయి. కళ్ళు దక్కడం అదృష్టం.

ఎల్పీజీ గాలి కంటే బరువైనది. పైకి పోక అడుగున చేరుతుంది. గాలిలో అది సుమారు 2 నుంచి 9 శాతం కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు.

మాస్టారు దారి చూపారు. గ్యాస్‌ను రెండు పాయలుగా చీల్చాం. ఒక పాయ చిన్న మంటను ఎప్పుడూ నిలకడగా ఉంచుతుంది. రెండో పాయకు కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టాం. కొలిమిలోని థర్మోకపుల్ వేడిని కొలుస్తుంది. 800 కంటే తగ్గితే కంట్రోలర్ ఆ వాల్వు తెరుస్తుంది, చేరగానే మూస్తుంది. చిన్న మంట మాత్రం ఆరదు. ఒకవేళ ఆరితే మొత్తం గ్యాస్‌ను ఆపేసే భద్రతా వాల్వు వేరే ఉంది. అంటే వేడిని తగ్గించాలే కానీ మంటను చావనివ్వకూడదు.

వెలిగించే క్రమం మన వంటపెద్దమ్మను చూసి నేర్చుకోవచ్చు. ముందు కాగితం అంటించి, ఆ తర్వాతే గ్యాస్ తిప్పుతుంది. కొలిమికీ అంతే. తలుపు తెరిచి ఉంచాలి. ముందు నిప్పు, తర్వాత గ్యాస్. మంట ఆరితే సిలిండర్ కట్టేసి, గ్యాస్ పూర్తిగా పోయేదాకా ఆగాలి. గాలి చాలకపోతే వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది కాబట్టి మూసిన గదిలో వద్దు. ఇంటి సిలిండర్ ఇలాంటి పనికి వాడటం నేరం.

తమ్ముళ్ళూ, ఇది తెలిసినవారు పక్కన లేకుండా చేసే పని కాదు. ఆ కొలిమిలో కాచిన ఉలిని సెలవుల్లో నాన్న చేతికిచ్చాం. సాయంత్రం దాకా రాయి కొట్టి, మొన మీద బొటనవేలు పెట్టి చూసి, "నిలబడిందిరా" అన్నాడు. మా చదువుకు అంతకంటే పెద్ద మార్కులు ఇంకా రాలేదు.