కారుకు మడ్‌గార్డులు మీరే బిగించుకొనవచ్చును

నల్లరేగడి ఊళ్ళలో తొలకరి పడగానే కారు రంగు మారిపోవును. చక్రము చిమ్మిన బురద తలుపుల అడుగున పేరుకొని, తడి ఆరక, రేకుకు తుప్పు పట్టించును. ఇది మన నష్టము గనుక మనకు కనబడును. వెనుక మోటారు సైకిలుపై వచ్చువాని కంటికి తగులు కంకర రాయి మనకు కనబడదు. చక్రముల వెనుక నాలుగు రబ్బరు పలకలు బిగించినచో ఈ రెండును చాలవరకు తగ్గును. పని ఒక పూటది.

మీ కారు మోడలుకే అచ్చుపోసిన మడ్‌గార్డులు దొరికినచో అవే కొనవలెను. వాటిలో చాలావాటికి కారుకున్న పాత స్క్రూ రంధ్రములే సరిపోవును. దొరకనిచో అట్టతో నమూనా కోసి, 4, 5 మిల్లీమీటర్ల మందముగల రబ్బరు షీటును టైరుకన్న కొంచెము వెడల్పుగా కత్తిరించుకొనవచ్చును. పాత ట్యూబు ముక్క గాలికి వెనుకకు ఎగురును. ఇనుప రేకు అసలే వద్దు. గట్టు తగిలి వంగినచో టైరును కోయును.

కారును చదును నేలపై నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టవలెను. ముందు చక్రములకు జాకీ అక్కరలేదు. ఎడమ చక్రము వద్ద పనికి స్టీరింగును ఎడమకు, కుడిదాని వద్ద కుడికి పూర్తిగా త్రిప్పినచో వెనుక అంచున చేతికి చోటు దొరకును. వెనుక చక్రములకు జాకీ ఎత్తవలసి వచ్చినను, జాకీ ఒక్కదానిపై నిలిచిన కారు క్రింద తల దూర్చరాదు.

క్రొత్త రంధ్రము వేయవలసి వచ్చినప్పుడే అసలు ప్రమాదము. రేకు వెనుక ఏమున్నదో చేతితో తడిమి, దీపము వేసి చూడక డ్రిల్లు పెట్టరాదు. చాలా కార్లలో పెట్రోలు పోయు మూత ఉన్న ప్రక్క, వెనుక చక్రము పైభాగమునుండే గొట్టము ట్యాంకునకు దిగును. బ్రేకు గొట్టములు, తీగలు కూడ దాపులనే ఉండును. బ్యాటరీ కారులో నారింజ రంగు తీగల జోలికి పోరాదు. డ్రిల్లు ములుకునకు కొనవద్ద ఒక సెంటీమీటరు విడిచి టేపు చుట్టినచో అంతకన్న లోతు దిగుచున్నది లేనిది తెలియును. రంధ్రపు అంచునకు రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తరువాతనే స్క్రూ బిగించవలెను. ఈ చుక్క రంగుకు బద్ధకించినవారి కారు సరిగ్గా అక్కడనే తుప్పు పట్టును. వెడల్పాటి వాషరు వేయనిచో రబ్బరు చిరుగును.

బిగించిన పిమ్మట స్టీరింగును రెండు ప్రక్కలకు చివరంట త్రిప్పి చూడవలెను. టైరుకును పలకకును నడుమ రెండు వేళ్ళు దూరవలెను. లేనిచో రేగడి మన్ను అక్కడ ఇరుకుకొని చక్రమును పట్టివేయును. పలక క్రింది అంచు నేలకు బెత్తెడు ఎత్తున ఉండవలెను. ఈ కొలత ఖాళీ కారుకు తీయరాదు. నేను మొదట అట్లే తీసి, విత్తనపు బస్తాలు వేసుకొని బయలుదేరగా దారి పొడవునా పలక రాపిడి చప్పుడే. మనుషులను కూర్చుండబెట్టి కొలిచి, మిగులు కోయవలెను.

పది రోజులు తిరిగిన తరువాత స్క్రూలు మరల ఒకసారి బిగించవలెను. వానలున్నన్నాళ్ళు ఇంటికి వచ్చినప్పుడెల్ల పలక వెనుక పేరుకొన్న మన్నును పుల్లతో రాల్చివేయవలెను.